ఎండా వానా, ఇరుగూ పొరుగూ

మే నెలలో ఏ తెలుగు ఊరి వీధిలోకైనా మధ్యాహ్నం రెండింటికి తొంగి చూస్తే మనిషి జాడ ఉండదు. తలుపులు ఓరగా వేసుకుని, కిటికీలకు తడిగుడ్డలు కట్టుకుని జనం లోపలే ఉంటారు. రాత్రి తొమ్మిదయ్యేసరికి అదే వీధి నిండిపోతుంది. అరుగుల మీద మగవాళ్లు, గుమ్మాల్లో ఆడవాళ్లు, మంచాల చుట్టూ పిల్లలు. జనవరిలో ఈ లెక్క తిరగబడుతుంది. పొద్దున ఎనిమిదింటికి తూర్పు ముఖం గోడ వారగా ఎండ పొడలో నలుగురు చేరతారు. రాత్రి ఎనిమిది దాటితే తలుపులు మూతపడతాయి. మనుషులు వాళ్లే, వీధీ అదే. కోస్తాలో కబుర్లన్నా, తెలంగాణలో ముచ్చట్లన్నా, అవి ఏ వేళ, ఎక్కడ, ఎంతసేపు నడవాలో చాలావరకు ఎండావానలే తేలుస్తాయి.

దీనికి వెలుతురు పెద్ద కారణం కాదు. హైదరాబాద్‌లో జూన్ మూడో వారంలో పగటి పొద్దు 13 గంటల పైచిలుకు, డిసెంబర్ మూడో వారంలో 11 గంటల పైచిలుకు. తేడా రెండు గంటలే. లండన్‌లో ఆ తేడా ఎనిమిది గంటల పైమాటే: వేసవిలో పదహారున్నర గంటల పగలు, చలికాలంలో ఎనిమిది గంటలకు కాస్త తక్కువ. అక్కడ చీకటి మనుషులను ఇంట్లో కూర్చోబెడుతుంది. తెలుగునాట ఆ పని వేడిది, ఉక్కది, వానది. పాతకాలపు రైతులు ఏడాదిని నెలల లెక్కన కాక కార్తెల లెక్కన చూసుకున్నది ఇందుకే. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులు ఒక కార్తె. ఏడాదికి ఇరవై ఏడు కార్తెలు. రోహిణి అంటే రోళ్లు పగిలే ఎండ, మృగశిర అంటే తొలకరి. కార్తె పేరు వింటే ఏ పని ముంచుకొస్తోందో, దానికి ఎవరిని సాయం పిలవాలో తెలిసిపోయేది.

వాతావరణం హాయిగా ఉంటే జనం కలుస్తారు, బాగులేకపోతే ఎవరింట్లో వాళ్లుంటారు అనుకోవడం సహజం. తెలుగు ఊళ్ల అనుభవం అంత సూటిగా లేదు. ఇక్కడ ఇరుగుపొరుగును ఎక్కువగా కలిపింది ఇబ్బందే. ఇల్లు ఉడికిపోతే బయటికొచ్చారు, చలి వణికిస్తే మంట చుట్టూ చేరారు, వాన మొహం చాటేస్తే ఊరంతా ఒకచోట కూడారు.

ముందు వేసవి రాత్రుల సంగతి. సిమెంటు శ్లాబు పగలంతా ఎండను తాగి, పొద్దుగుంకాక మెల్లగా కక్కుతుంది. రాత్రి తొమ్మిదింటికి బయట గాలి చల్లబడుతున్నా లోపల ఇంటికప్పు సెగ కొడుతూనే ఉంటుంది. ఫ్యాను ఆ వేడిగాలినే కిందికి తోస్తుంది. మిగిలిన దారి డాబా ఎక్కడమే. దానికీ ఒక వరస ఉండేది. సాయంత్రం ఆరింటికి ఇంట్లో పిల్లలెవరో రెండు బక్కెట్ల నీళ్లు మోసుకెళ్లి డాబా మీద చల్లేవారు. కాలిన శ్లాబు మీద పడ్డ నీరు సుయ్‌మని ఆవిరయ్యేది. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి దాదాపు 580 కిలోకేలరీల వేడి కావాలి, అందులో చాలా భాగం శ్లాబు నుంచే పోతుంది. మొదటి విడత ఆరాక రెండో విడత. ఎనిమిదిన్నరకు చాపలు, బొంతలు, కూజా, ఒక ట్రాన్సిస్టరు పైకి చేరేవి. పక్కింటి డాబాకూ దీనికీ మధ్య ఉన్నది నడుమెత్తు పిట్టగోడ. గోడకు అటొకరు ఇటొకరు పడుకుని, మొహాలు కనబడని చీకట్లో, నిద్ర ముంచుకొచ్చేదాకా మాట్లాడుకునేవారు. పెళ్లి సంబంధాలు, పొలం తగాదాలు, పదో తరగతి ఫలితాలు, ఎదురింటివారి కొత్త అల్లుడు. పనిగట్టుకుని ఒకరింటికి వెళ్లి చెప్పుకోలేని సంగతులు ఆ పిట్టగోడ దాటేవి. చీకటికి ఆ సుగుణం ఉంది.

డాబాలు లేని పెంకుటిళ్లకు, పూరిళ్లకు వాకిలే డాబా. నీళ్లు చల్లిన వాకిట్లో నులక మంచాలు వీధి పొడవునా వరసగా పడేవి. ఒక మంచం మీద కథ మొదలైతే నాలుగు మంచాల దాకా వినిపించేది.

అన్ని ప్రాంతాల్లోనూ వేసవి ఒకే తీరుగా ఉండదు. కోస్తాలో మధ్యాహ్నం తిరిగాక సముద్రపు గాలి మళ్లుతుంది. నేల నీటికన్నా త్వరగా వేడెక్కుతుంది. నేల మీది గాలి తేలికై పైకి లేస్తే, ఆ చోటికి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. విశాఖపట్నం రామకృష్ణా బీచ్‌లో వేసవి సాయంత్రం కాలు పెట్టే చోటు దొరకదంటే కారణం ఈ పైరగాలే. రామగుండం, ఖమ్మం, రెంటచింతల వంటి చోట్లకు ఆ గాలి అందదు. అక్కడ వడగాలి పొద్దువాలేదాకా కొడుతుంది కాబట్టి సాయంత్రం కలవాల్సిన వాళ్లు రాత్రికి కలుస్తారు. మరోవైపు ఆ ఊళ్లలో గాలి పొడిగా ఉంటుంది గనక కూలర్లు బాగా పనిచేస్తాయి. తేమ నిండిన మచిలీపట్నంలో అదే కూలరు ఉక్కను ఇంకా పెంచుతుంది. కూలరు ముందు పడుకున్నవాడికి డాబా మీద పనిలేదు. పిట్టగోడ కబుర్లకు మొదటి దెబ్బ అక్కడే తగిలింది.

ఎండ మగవాళ్లను పనుల నుంచి తప్పించి నీడకు తోలే రోజుల్లోనే ఆడవాళ్లకు కలిసి చేయాల్సిన పనులు తెచ్చిపెడుతుంది. మాగాయ, వడియాలు, అప్పడాలు ఎండ లేనిదే కావు, ఒక్కరి చేతి మీదుగానూ కావు. గుమ్మడి వడియాలనే తీసుకుంటే, బూడిదగుమ్మడికాయను ముందురోజు సాయంత్రమే చిన్న ముక్కలుగా తరిగి, ఉప్పు, పసుపు కలిపి, బట్టలో మూటకట్టి, పైన బరువు పెడతారు. తెల్లారేసరికి నీరంతా ఓడిపోతుంది. నానిన మినప్పప్పు గట్టిగా రుబ్బి, పచ్చిమిర్చి ముద్ద, ఇంగువ చేర్చి ఆ ముక్కలు కలుపుతారు. ఏడింటికల్లా డాబా మీద తడిపిన పాత పంచె పరిచి వడియాలు పెట్టడం మొదలు కావాలి, ఎండ ముదిరితే అరికాళ్లు ఆగవు. పెద్ద కాయైతే నాలుగు జతల చేతులు కావాలి. "వదినగారూ, రేపు మా వడియాలు, కాస్త చెయ్యి వేస్తారా?" అని గోడ మీదుగా అడిగితే కాదనడం మర్యాద కాదు. ఎల్లుండి ఆవిడ అడుగుతుంది. కాకులను తోలడానికి కర్ర పట్టుకుని ఒక పిల్లవాడు. అప్పడాలు ఒత్తే రోజైతే వాడి కూలి పచ్చి పిండి ముద్ద, నూనెలో అద్ది. కొత్త ఆవకాయ కలిపిన మూడో నాడు చిన్న గిన్నెలో పక్కింటికి వెళ్తుంది. ఆ గిన్నె ఖాళీగా తిరిగి రాకూడదు. వాళ్ల మాగాయో, నాలుగు మామిడిపళ్లో అందులో ఉండాలి. ఈ గిన్నెల రాకపోకలకు ఎక్కడా లెక్క రాసుకోరు, ఎవరూ మరిచిపోరు.

మృగశిర జూన్ 7, 8 తేదీల్లో ప్రవేశిస్తుంది. నైరుతి రుతుపవనాలు తెలుగు నేలను తాకేదీ దాదాపు ఆ రోజుల్లోనే. వాన పట్టగానే కలయికల చోటు మారుతుంది. వేపచెట్టు కింది రచ్చబండ ఖాళీ అవుతుంది, చూరు కింది అరుగు, టీకొట్టు, గుడి మంటపం నిండుతాయి. పొలాల్లో మాత్రం ఇది జనం విడిపోయే కాలం కాదు. వరినాట్లకు అదను పది, పదిహేను రోజులే. ఒక ఇంటి మనుషులతో తేలే పని కాదది. ఇవాళ మా మడిలో మీరు, రేపు మీ మడిలో మేము అన్న ఒప్పందం మీద ఎన్నో ఊళ్లలో నాట్లు నడిచాయి. మోకాళ్ల లోతు బురదలో, వానకు ప్లాస్టిక్ కాగితం కప్పుకుని, వరసగా వంగిన ఇరవైమంది ఆడవాళ్ల మధ్య ఊరి సంగతులన్నీ ఒక గట్టు నుంచి ఇంకో గట్టుకు చేరేలోపు నడిచిపోతాయి. నాటు యంత్రం వచ్చిన చోట పని త్వరగా అవుతోంది, నడుములకూ మేలే. అయితే ఆ ఇరవైమందీ ఒకచోట వంగే రోజులు తగ్గాయి.

అసలు వానే రాకపోతే జరిగేది ఇంకా వింత. రోకలి నడుమ కప్పను కట్టి, వేపమండలు చుట్టి, ఇద్దరు పిల్లలు చెరో కొస భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. ప్రతి ఇంటి ఇల్లాలూ ఆ కప్ప మీద చెంబెడు నీళ్లు పోసి గుప్పెడు గింజలు పెడుతుంది. దీన్ని కప్పతల్లి ఆట అంటారు. ఇంకొన్ని ఊళ్లలో గుళ్లో విరాటపర్వం చదివిస్తారు, రాత్రిళ్లు ఊరంతా కూర్చుని వింటుంది. దానివల్ల వాన కురుస్తుందా అన్నది వేరే మాట. పనిలేక, దిగులుతో ఎవరికి వారు ముడుచుకునే వారాల్లో ఊరు ఒకచోట చేరేది. ఎవరి బావిలో ఎంత నీరుందో, ఎవరింట్లో గింజలు నిండుకున్నాయో అప్పుడే పదిమందికీ తెలిసేది.

వానాకాలంలో ప్రయాణాలు ఆపుకోవడం చాలా పాత అలవాటు. వాగు పొంగితే దారి లేదు. బౌద్ధ భిక్షువులు మూడు నెలలు ఒకేచోట ఉండి వర్షావాసం చేసేవారు. విశాఖ తీరంలోని తొట్లకొండకు ఆ పేరు తెచ్చిన రాతి నీటితొట్లు, భిక్షువుల గదుల పునాదులు నేటికీ కనిపిస్తాయి. సన్యాసుల చాతుర్మాస్యమూ ఆషాఢంలోనే మొదలవుతుంది. గృహస్థుల సంగతీ అంతే. దూరపు చుట్టాల రాకపోకలు తగ్గే కాలంలో పక్కింటివారే చుట్టాలు. శ్రావణమాసపు పేరంటాలు ఈ కాలానికి చక్కగా అతికినట్టుంటాయి. ఇంటి లోపల జరిగే పని, గొడుగు వేసుకుని నడిచి వెళ్లగలిగినంత దూరం, పావుగంటలో ముగిసే తంతు, గంటసేపు మాటలు. వచ్చిన ప్రతి ముత్తయిదువ చేతిలోనూ తాంబూలంతోపాటు నానబెట్టిన శనగలు పెడతారు. నాలుగిళ్లకు వెళ్లొస్తే శేరు శనగలు పోగవుతాయి. శ్రావణ శుక్రవారం మర్నాడు ఇంట్లో కూరేమిటని ఎవరూ అడగరు.

నగరంలో వాన పని ఇంకోలా ఉంటుంది. హైదరాబాద్‌లో సాయంత్రం ఆరింటికి గట్టివాన పడితే ఫ్లైఓవర్ల కింద, మెట్రో స్తంభాల పక్కన బండ్లు ఆపుకున్న అపరిచితులు అరగంటసేపు ఒకే కుటుంబంలా నిలబడతారు. ఎక్కడ నీళ్లు నిలిచాయో, ఏ దారి పోతుందో చెప్పుకుంటారు. వాన తగ్గగానే ఎవరి దారి వారిది, మళ్లీ కలవరు. ఇరానీ హోటల్ దీనికి మేలు. ఒక్క చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లతో వాన వెలిసేదాకా కూర్చోవచ్చు, లేవమని ఎవరూ అనరు. మిరపకాయ బజ్జీ బండి దగ్గర రద్దీ చూసి వాన ఎంత గట్టిగా పడిందో చెప్పొచ్చు.

వానలు వెనకబట్టే వేళ తెలంగాణలో బతుకమ్మ వస్తుంది. భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూలతో మొదలై తొమ్మిదో నాడు సద్దులతో ముగుస్తుంది. పండుగ తేదీని పంచాంగం చెబితే, సరుకును వానలు ఇస్తాయి. తంగేడు, గునుగు ఎవరూ విత్తరు. వానలకు గుట్టల మీద, చెలకల గట్ల మీద పెరిగి సరిగ్గా ఆ రోజులకు విరగబూస్తాయి. చెరువులు నిండి ఉంటాయి. నాట్లు అయిపోయి, కోతలు ఇంకా రాని తీరిక ఉంటుంది. నేల ఆరి గట్టిపడి, పదిమంది చుట్టూ తిరిగి ఆడడానికి అనువుగా ఉంటుంది. మగవాళ్లు, పిల్లలు పొద్దున్నే పూలకు పోతారు. మధ్యాహ్నం ఆడవాళ్లు తాంబాళంలో గునుగు కట్టలు వరసలు వరసలుగా పేరుస్తారు, నడుమ బంతి, కట్ల పూలు. పొద్దుగూకుతుండగా వాడకట్టులోని ఆడవాళ్లంతా బతుకమ్మలను ఒకచోట దించి చుట్టూ ఆడి, చెరువుకు సాగనంపుతారు. గట్టు మీదే నువ్వుల పొడి, పల్లీల పొడి, మలీద ముద్దలు పంచుకుంటారు. పెళ్లై వెళ్లిన ఆడబిడ్డలు పుట్టింటికి వస్తారు కాబట్టి చిన్ననాటి స్నేహితురాళ్లు ఏడాదికోసారి కలిసేదీ అక్కడే. వానలు తక్కువైన ఏడాది గునుగు పొట్టిగా వస్తుంది, బతుకమ్మ ఎత్తు తగ్గుతుంది.

ఆంధ్రలో అట్లతద్ది ఇంచుమించు అదే కాలంలో, ఆశ్వయుజ బహుళ తదియ నాడు వస్తుంది. తెల్లవారుజామునే లేచిన ఆడపిల్లలు చద్ది తిని వీధుల్లో ఆడి, చెట్టుకు కట్టిన ఉయ్యాలలు ఊగుతారు. తరువాతిది కార్తీకం. ఉసిరిచెట్టు కింద వనభోజనాలకు ఎండా వానా రెండూ అడ్డురాని నెల అది. మధ్యాహ్నం పన్నెండింటికి ఆరుబయట విస్తరి వేసుకుని నింపాదిగా తినగలిగే నెలలు తెలుగు ఏడాదిలో ఎన్నో లేవు.

కోస్తా జిల్లాలకు మాత్రం అక్టోబర్, నవంబర్ తుపాన్ల కాలం కూడా. 1977 నవంబర్ 19న దివిసీమ మీద విరుచుకుపడ్డ ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. అలాంటి రోజుల్లో ఫ్లాటు తలుపులు తెరుచుకుంటాయి. గ్యాస్ ఉన్న ఇంట్లో వంట, జనరేటర్ ఉన్నచోట ఫోన్ల చార్జింగ్, నీళ్ల ట్యాంకర్ దగ్గర పలకరింపులు. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు కింది అంతస్తులవాళ్లకు పై అంతస్తులే దిక్కయ్యాయి. ఇంకా వెనక్కి వెళితే 1908 సెప్టెంబర్ 28 నాటి మూసీ వరదలో హైదరాబాద్‌లో ఒక చింతచెట్టు ఎక్కి 150 మంది బతికారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. విపత్తు కలిపిన చుట్టరికం ఎంతకాలం నిలుస్తుందన్నది చెప్పడం కష్టం. కరెంటు రాగానే తలుపులు మూసుకున్న అపార్ట్‌మెంట్లూ ఉన్నాయి, పదేళ్ల తర్వాత కూడా పండక్కి పిండివంటలు పంపుకునే ఇళ్లూ ఉన్నాయి.

చలికాలంలో మంట మంచి మధ్యవర్తి. ఆదిలాబాద్ పల్లెల్లో, లంబసింగి వంటి మన్యం ఊళ్లలో డిసెంబర్ తెల్లవారుజాములు ఒళ్లు కొంకర్లు పోయేలా ఉంటాయి. ఐదింటికి ఎవరో ఒకరు నాలుగు చితుకులు, ఎండు తాటాకులు, విరిగిన బుట్ట పోగేసి అంటిస్తారు. అటుగా వెళ్లేవాడు చేతులు చాపి నిలబడతాడు, తర్వాత గొంతుక్కూర్చుంటాడు. మంట దగ్గర పిలుపు అక్కర్లేదు, కుర్చీ వేయక్కర్లేదు. పాలు పోసేవాడు, కూలికి పోయేవాడు, మోతుబరి రైతు ఒకే వలయంలో కూర్చోవడం పగటిపూట అరుదు, చలిమంట దగ్గర మామూలు. పొగ ఎటు తిరిగితే అటువైపు వాళ్లు లేచి ఇటు వస్తారు, దాంతో ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారో గాలే మారుస్తూ ఉంటుంది.

ఇదే వేళకు ధనుర్మాసంలో ఆడవాళ్లు వాకిళ్లలో ఉంటారు. కళ్లాపి చల్లి చుక్కలు పెట్టడం ఒకరి పనే అయినా, పక్కవాకిలి ముగ్గు ఎంత పెద్దదో చూడకుండా ఎవరూ లోపలికి వెళ్లరు. ఎన్ని చుక్కలు, ఎన్ని వరసలు అని అడిగి నోటుపుస్తకంలో ఎక్కించుకుంటారు. నెల రోజుల ఈ తెల్లవారుజాములు భోగి మంటతో ముగుస్తాయి. సంక్రాంతికి పంట ఇంటికి వచ్చి ఉంటుంది, వాన భయం ఉండదు, ఎండ ఇంకా ముదరదు. ఊరొదిలిన వాళ్లంతా ఊరికి రావడానికి ఇంతకన్నా అనువైన వారం లేదు. హైదరాబాద్‌లో ఈ హాయిని వాడుకున్నది నుమాయిష్. 1938లో మొదలైన ఈ ప్రదర్శన జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నాంపల్లి మైదానంలో సాగుతుంది. సామాను కొనేవారికన్నా నడుస్తూ మాట్లాడుకునేవారే ఎక్కువ. మే నెలలో అదే మైదానంలో అది నడవదు.

చలికాలం జనాన్ని దగ్గర చేస్తుందన్నది ఒక్క తెలుగువాళ్ల సంగతి కాదు. ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త మార్సెల్ మోస్ ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యూట్ ప్రజల మీద రాసిన వ్యాసంలో, వాళ్లకు ఏడాదిలో రెండు రకాల సమాజాలున్నాయన్నాడు. వేసవిలో కుటుంబాలు విడివిడిగా గుడారాల్లో చెదిరిపోతాయి, చలికాలంలో ఒకచోట ఇళ్లలో గుంపుగా చేరి పండుగలూ పూజలూ కలిసి చేసుకుంటాయి. చలిపెరిగే కొద్దీ బంధాలు చిక్కబడతాయన్న మాట.

పరాయి గడ్డకు వెళ్లిన తెలుగువాళ్లకు ఈ క్యాలెండరు తిరగరాసుకోక తప్పలేదు. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి వెళ్లిన లక్షలమంది ఉండే గల్ఫ్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఆరుబయట పని చేయించడాన్ని యుఎఇ ప్రభుత్వం నిషేధించింది. ఆ నెలల్లో కలయికంటే క్యాంపు గదిలోనో, ఏసీ మాల్‌లోనో. పార్కుల్లో చాపలు పరిచేది నవంబర్ వచ్చాకే. అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో దీనికి ఎదురు. షికాగోలో జూన్ నెలలో పగలు పదిహేను గంటలు, డిసెంబర్‌లో తొమ్మిది. మంచు పడితే తెలుగు ఇళ్ల ముచ్చట్లు బేస్‌మెంట్లలోకి దిగుతాయి, ఎండ రాగానే పార్కుల్లోకి పొంగుతాయి. ఉత్తర అమెరికా తెలుగు సంఘం తానా మహాసభలు జులై మొదటి వారాంతపు సెలవులను ఆనుకుని జరగడం అందరికీ తెలిసిందే. కార్తీకంలో అక్కడ ఆరుబయట భోజనం కుదరదు కాబట్టి కొన్ని సంఘాలు 'వనభోజనాలు' అన్న పేరునే వేసవికి జరుపుకున్నాయి. ఉసిరిచెట్టు లేదు, కార్తీకం కాదు, పులిహోర మాత్రం ఉంటుంది.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే చిత్రం తప్పుతుంది. అరుగులూ రచ్చబండలూ అందరివీ కావు. రచ్చబండ మగవాళ్లది. దళితవాడ ఊరికి ఆవల ఉండేది, అక్కడివాళ్లకు ఊరి అరుగు మీద చోటుండేది కాదు. పేరంటపు పిలుపు వితంతువుల గుమ్మం దాటి వెళ్లిపోయేది. ఎండావానలు అందర్నీ ఒకేలా బయటికి రప్పించినా, బయట ఎవరు ఎక్కడ కూర్చోవాలో మనుషులే గీత గీశారు. పాత రోజులను తలచుకునేటప్పుడు ఈ గీత తరచుగా చెరిగిపోతుంది.

ఆ తర్వాత వచ్చిన మార్పు అందరికీ కనబడుతున్నదే. వేసవి ఇబ్బందికి ప్రతి ఇల్లూ విడిగా మందు కొనుక్కుంది. ఏసీ వచ్చాక డాబా ఎక్కడం పోయింది. దోమలూ ఆ పని కొంత చేశాయని ఒప్పుకోవాలి. ఏసీ లోపలి వేడిని తీసి బయట పారబోస్తుంది. ఇరుకు సందులో ఒకరి చల్లదనం పక్కింటి కిటికీకి సెగ. పిట్టగోడ మీదుగా ఆవకాయ దాటిన చోట ఇప్పుడు ఆ వేడిగాలి దాటుతోంది, ఆ మీద తగాదా. కరెంటు కోతలది ఇంకో కథ. ఒకప్పుడు రాత్రి ఎనిమిదింటికి కరెంటు పోతే వీధి మొత్తం ఒక్కసారి "హో" అని అరిచి బయటికొచ్చేది. టీవీ ఆగింది, ఫ్యాను ఆగింది, ఇక మిగిలింది మాట్లాడుకోవడమే. పిల్లలు దాగుడుమూతలకు, పెద్దలు అరుగు మీదికి. ఇన్వర్టరు ఆ గంటను మూసేసింది. కోతలు పోయినందుకు బాధపడనక్కర్లేదు గానీ, ఆ గంట స్థానంలో ఇంకేదీ రాలేదు. వడియాల ప్యాకెట్లు కొట్టులో దొరుకుతున్నాయి, రుచిలో పెద్ద లోటు లేదు. వాటిని పెట్టడానికి వదినగారిని పిలవాల్సిన పని మాత్రం లేకుండా పోయింది.

ఈ పలకరింపులు పోతే ఏమవుతుందో కొలిచి చూసిన ఉదాహరణ షికాగోలోనే ఉంది. 1995 జులై మధ్యలో ఆ నగరాన్ని తేమతో కూడిన వడగాలి కమ్మింది. జులై 13న ఉష్ణోగ్రత 41 డిగ్రీలు. రెంటచింతలవాళ్లు మామూలు రోజే అని కొట్టిపారేసే ఎండ అది. ఆ వారంలో మామూలుకన్నా 739 మంది ఎక్కువగా చనిపోయారు. ఎక్కువమంది వృద్ధులు, అందులోనూ ఒంటరివాళ్లు చాలామంది. కిటికీలు మూసిన గదుల్లో, ఎవరూ చూడకుండానే ప్రాణాలు విడిచారు. సామాజిక శాస్త్రవేత్త ఎరిక్ క్లైనెన్‌బర్గ్ 2002లో వచ్చిన 'హీట్ వేవ్' పుస్తకంలో పక్కపక్కనే ఉన్న రెండు పేటలను పోల్చాడు. నార్త్ లాండేల్, సౌత్ లాండేల్. ఎండ ఒకటే, రెండు చోట్లా పేదలు, రెండు చోట్లా ఒంటరి ముసలివాళ్లు. మరణాల రేటు మాత్రం మొదటిదానిలో దాదాపు పది రెట్లు. సౌత్ లాండేల్‌లో కాలిబాటల నిండా కొట్లు, తోపుడు బండ్లు, పగలల్లా జనం. ముసలివాళ్లు బయటికి రావడానికి భయపడలేదు, రాకపోతే అడిగేవాళ్లున్నారు. నార్త్ లాండేల్‌లో కొట్లు మూతపడి, ఖాళీ స్థలాలు పెరిగి, వీధిలోకి రావాలంటేనే జంకు. ఆ పోలికలో ఆయన చూపిన ప్రధాన కారణం ఇదే.

పిల్లలు నగరాలకో విదేశాలకో వెళ్లిపోగా పెద్దలు మాత్రమే మిగిలిన ఇళ్లు ఇప్పుడు తెలుగు ఊళ్లలోనూ వీధికి రెండు మూడున్నాయి. 2015 మే నెల వడగాలులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఒంటరిగా ఉండే వృద్ధులను, రోగులను రోజూ ఒకరు చూస్తూ ఉండాలని వడగాలుల జాగ్రత్తల్లో ప్రభుత్వ సంస్థలు ఏటా చెబుతున్నాయి. రోజూ చూడగలిగేంత దగ్గరలో ఉండేది పక్కింటివాళ్లే. వచ్చే వేసవిలో పొద్దున పదింటిలోపు ఒకసారి ఆ తలుపు తట్టి, కుండలో నీళ్లున్నాయా, ఫ్యాను తిరుగుతోందా అని అడిగి రండి.